తడిపి ఒలిచిన పల్లికాయ

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, ఎండాకాలం మొదట్లో, నన్ను గద్వాలలోని ఒక విత్తన పరిశోధనశాలకు సీనియర్ శాస్త్రవేత్తగా బదిలీ చేశారు. నీటి ఎద్దడిని తట్టుకునే జన్యువును పల్లి కణాల్లోకి పంపడం అక్కడ మా పని. దానికి జీన్ గన్ అనే యంత్రం వాడేవాళ్లం. కంటికి ఆనని బంగారు రేణువులకు జన్యువును పట్టించి, హీలియం వాయువు ఒత్తిడితో గింజలోని పిండాల మీదికి కొడతాం. రేణువు కణం గోడను చీల్చుకుని లోపలికి పోతుంది. పని మొరటుదే గానీ, దెబ్బను తట్టుకున్న కణాలు మళ్లీ మొక్కలవుతాయి.

గింజల నుంచి పిండాలను తీసి గాజు పళ్లాల్లో పేర్చేది టెక్నీషియన్ షాహీన్. గద్వాల అమ్మాయే. కాంట్రాక్టు ఉద్యోగం, ఇంటికి ఆమె జీతమే ఆధారం. ఆ కాంట్రాక్టును పొడిగించాల్సిన నెలలోనే పళ్లాలన్నీ బూజు పట్టాయి. మా విభాగాధిపతికి కోపం ముక్కు మీదే ఉండేది. ఆమె చేతుల్లో శుభ్రత లేదని తేల్చేసి, పొడిగించేది లేదన్నారు. షాహీన్ నా దగ్గరికి వచ్చి, "నేనైతే అన్నీ సక్కగనే చేసిన సార్. తప్పు యాడ జరిగిందో తెల్వదు," అంది. ఆమె పనిని రోజూ చూస్తున్నవాణ్ని. నాకు ఒళ్లు మండింది.

కోపంతో ఏదీ రుజువు కాదు గనుక ఆమె చేతే రెండు పళ్లాలు పెట్టించాను. ఒకదాంట్లో ఈ విడతకు పెద్దమందడి అనే ఊరి నుంచి ఒలిచి పంపిన గింజల పిండాలు, రెండోదాంట్లో మా దగ్గర కాయల్లోనే మిగిలిన పాత గింజలవి. తప్పు గన్‌ది కాదని తేలేందుకు రెండింటినీ దాని దగ్గరికే తీసుకుపోలేదు. అవే చేతులు, అదే గది. కొద్ది రోజులకు చూస్తే పాతవి తేటగా ఉన్నాయి, పెద్దమందడివి బూజు పట్టాయి.

ఆ గింజలు పంపింది నర్సింహులు అనే రైతు. బండి మీద వాళ్లింటికి పోయాను. ఆయన భార్య బాలమ్మ ఏదీ దాచకుండా చెప్పింది. "ఎండిన కాయ ఒలిస్తే ఇత్తు పగుల్తది సారూ. అందుకే జర నీళ్లు సల్లి, గోనెసంచి కప్పి, నానినంక ఒలిచినం. మీకు పోయేటివని ఒక్కటి గూడ పగలకుంట చూసినం."

వెంటనే విత్తే గింజలకు ఆ పద్ధతి బాగానే ఉంటుంది. మా దగ్గర అవి డబ్బాలో నిలవున్నాయి. ఆ తడికి బూజు గింజ పైపొర కిందికి చేరింది. మేం గింజలను మందునీళ్లతో కడిగినా, ఆ మందు పనిచేసేది పైపొర వరకే. బూజు సంగతీ షాహీన్ సంగతీ వివరిస్తే బాలమ్మ మొహం చిన్నబోయింది.

"మంచిగుండాలెనని చేస్తిమి. ఆ పిల్ల నౌకరి పోలేదు గదా?" అంది.

పోనివ్వనన్నాను. మర్నాడు రెండు పళ్లాలనూ తీసుకుపోయి విభాగాధిపతి బల్ల మీద పెట్టాను. ఆయన చూసి, జరిగింది విని, పొడిగింపు మీద సంతకం చేశారు. తొందరపడ్డానని షాహీన్‌తో మాత్రం ఒక్క మాట అనలేదు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తర్వాతి విడతకు ఎండు కాయలే తెప్పించి, ప్రయోగశాలలోనే ఒలిపించాం.

పళ్లెం చెడితే దాన్ని తాకిన చేతినే ముందు పట్టుకుంటాం. ఎదురుగా కనిపించేది అదే, పైగా అది కాంట్రాక్టు మనిషి చెయ్యి. ఉద్యోగంలో మిగిలినన్నాళ్లూ, ఎవరి మీదైనా తప్పు మోపే ముందు, గింజ ఎవరింట్లో ఎట్లా ఒలిచారో అడిగి వచ్చేవాణ్ని.