ముదీర్ గారి నంబరు

ఆ రోజుల్లో, అరబ్బు దేశంలోని హాయిల్ పట్టణంలో నన్ను మించిన కంప్యూటర్ నిపుణుడు లేడని నాకు గట్టి నమ్మకం. (ఉన్నాడేమో కనుక్కునే ప్రయత్నం నేనెప్పుడూ చేయలేదు.) రెండువేల అయిదో ఆరో. గోధుమ పొలాలకు నీటి పంపులు అమ్మే కంపెనీలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. ఆఫీసులో ఇంటర్నెట్ ఒక్క ముదీర్ గారికే, అంటే మా మేనేజరుకే. ప్రతి కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డుకూ పుట్టుకతో ఒక నంబరుంటుంది; ఆయన కార్డు నంబరుకు తప్ప ఇంకెవరికీ నెట్ రాకుండా కట్టుదిట్టం చేశారు. నాకేమో గుంటూరులో పెళ్లి కుదిరింది. కాబోయే ఆవిడ కాలేజీ నుంచి నెట్ సెంటరుకు వచ్చేసరికి మాకు మధ్యాహ్నం ఒంటిగంట. ముదీర్ గారు కంప్యూటర్ ఆపేసి నమాజుకూ, భోజనానికీ వెళ్లేదీ అప్పుడే. ఇంకేం, నా కంప్యూటర్ నంబరు మార్చి ఆయన నంబరు పెట్టేసి, ఆవిడతో చాటింగు మొదలుపెట్టాను. దొరికితే పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారని తెలుసు. ఉద్యోగం ఊడిన పెళ్లికొడుకుని కాబోయే మామగారు ఏం చేస్తారో ఇంకా బాగా తెలుసు. మేధావులు అలాంటివి పట్టించుకోరు కదా.

ఒకరోజు ఆయన తొందరగా వచ్చేశారు. ఒకే నంబరుతో రెండు కంప్యూటర్లు నడిచేసరికి ఇద్దరికీ నెట్ పోయింది. “యా ముహందిస్, ఇంటర్నెట్ మాఫీ,” అని పిలిచారు. (ఇంజనీరూ, ఇంటర్నెట్ లేదు అని.) నేను గంభీరంగా నాలుగు వైర్లు కదిపి, నా గదికి వెళ్లి నాది ఆపేసి వచ్చి, “ఇప్పుడు చూడండి,” అన్నాను. వచ్చింది. ఇలా మూడుసార్లు జరిగాక ఆయనకు నా హస్తవాసి మీద గురి కుదిరింది. కాకపోతే ఈ రోగం మళ్లీ రాకూడదని రియాద్ నుంచి పెద్ద ఇంజనీరును పిలిపించారు.

వచ్చినాయన కరీంనగర్ అన్న. పది నిమిషాలు చూసి నన్ను వరండాలోకి తీసుకెళ్లాడు.

“ఏం తమ్మీ, ఒక్కటే నంబరు రెండు దిక్కుల కనవడుతుంది. గిది నీ పనేనా?”

“అవునన్నా.” పెళ్లి సంగతంతా చెప్పేశాను.

“నేను చెప్తే నీ నౌకరి పోతది. నువ్వే పోయి చెప్పు.”

వెళ్లి చెప్పాను. ముదీర్ గారు గడ్డం నిమురుకుంటూ, “అడిగితే నేనే ఇచ్చేవాణ్ణిగా? రేపట్నించి ఇక్కడే కూర్చుని మాట్లాడుకో,” అన్నారు. ఇంతకన్నా ఎగ్జిట్ కొట్టినా బాగుండేది. మర్నాటినుంచి ఆయన భోజనం ఆఫీసుకే తెప్పించుకుని, ఎదురుగా కూర్చుని, ప్రతి ముక్కకూ “ఏమంటోంది?” అని అడిగేవారు.

“భోంచేశావా అంటోంది.”

“నువ్వేమన్నావు?”

“చేశాను, నువ్వో అన్నాను.”

ఆయన ముద్ద మింగి, “దీనికోసమా నా నంబరు దొంగిలించావు?” అన్నారు.

ఇప్పుడు ఆవిడ పక్కగదిలోనే ఉంటుంది, నెట్‌కూ లోటు లేదు. కానీ ఉద్యోగం పోయినా సరే, ఆ ఒక్క ముక్కా అడిగి తీరాలని తపించిన ఆ వెర్రి కుర్రాడు ఎప్పుడు ఎటు వెళ్లిపోయాడో, నాకే తెలియలేదు.