చెట్టుకి నా కోటు

"కోటు విప్పరా సావేరియో. దానికి చలేస్తోంది!"

'దానికి' అంటే అంజూర చెట్టుకి. మా పక్కింటి కోసిమో బాబాయ్‌కి ఒకటే పిచ్చి: ఎవరి ఒంటి మీద మంచి కోటు కనిపించినా తన చెట్టుకి తొడగాలి.

టొరంటో చలికి, ఇటలీలోని కలాబ్రియా నుంచి వచ్చిన మేమందరం నవంబరులో అంజూర చెట్లని పూడ్చిపెడతాం. ఒక పక్క వేళ్ళు తెంపి, మెల్లగా గోతిలోకి వంచి, పైన పలకలూ మట్టీ. బాబాయ్ మాత్రం ముందు దానికి బట్టలు తొడుగుతాడు. ఫాదర్‌గారి పాత కోటూ, పోస్ట్‌మన్ టోపీ వేసుకుని అది గోతిలోకి దిగుతుంటే, ఎదురింటికి కొత్తగా వచ్చినావిడ పూలు పట్టుకొచ్చింది. "ఎవరండీ పోయింది?"

"పోలేదమ్మా. ఏప్రిల్‌లో లేస్తుంది" అని పూలు తీసుకున్నాడు.

నా దగ్గర మాత్రం పప్పులుడకలేదు. "కొత్త కోటు బాబాయ్!"

"పాతబడ్డాక?"

"చూద్దాంలే. ముందు నాటుకోడానికి నాకో కొమ్మివ్వు."

"నీకు ఓపికొచ్చాక చూద్దాంలే."

ఊళ్ళో వదిలొచ్చిన అంజూరాలు తలుచుకుని మా ఆవిడ ఫిలొమెనా నిట్టూర్చినప్పుడల్లా నాకు తలకొట్టేసినట్టుండేది. రెండేళ్ళు అడిగి, మే నెలలో ఓ ఆదివారం, బాబాయ్ చర్చిలో ఉండగా కంచె దూకాను. అప్పుడే ఆకేసిన కొమ్మ విరిచాను. చేతినిండా పాలు. తిరిగి దూకేటప్పుడు కోటు కంచెకి తగులుకుని, బొత్తాం తెగి అవతలే పడింది.

మా పెరట్లో నాటిన కొమ్మ మూడు వారాల్లో ఎండి పుల్లయింది. సిగ్గుతో పొయ్యిలో పెట్టేశాను. ఆ తర్వాత మూడేళ్ళు బాబాయ్ గొంతు వినిపిస్తే చాలు, పెరటి తలుపు వేసుకునేవాణ్ణి.

మొన్న మే నెలలో వీధిలో నన్ను దొరకబుచ్చుకుని తన పెరట్లోకి లాక్కెళ్ళాడు. ఆలివ్ నూనె డబ్బాలో నడుమెత్తు మొక్క.

"ఎవరికి బాబాయ్?"

"నీకే. నువ్వు కంచె దూకిన ఏడాది నవంబరులోనే కోశాను. చెట్టు నిద్రలో ఉన్నప్పుడు కొయ్యాలిరా సన్నాసీ, పాలు కారేటప్పుడు కాదు! లేతది, బయటుంటే చచ్చిపోతుందని మూడు చలికాలాలు సెల్లార్‌లో పెట్టి సాకాను."

నన్ను కూడా ఆ గోతిలో పూడ్చేస్తే బాగుండుననిపించింది. "తెలిసీ... ఒక్క మాటైనా అనలేదేం?"

"అంటే ఇల్లు ఖాళీ చేసి పోయేవాడివి. నా తర్వాత నా చెట్టునెవరు పూడుస్తారు?"

జేబులోంచి నా కోటు బొత్తాం తీసి అరచేతిలో పెట్టాడు.

"ఎండ చూసి మురిసిపోకు, రాత్రికి మంచు పడుతుంది. వెళ్ళి పార పట్రా, నాటుదాం. ఆ కోటు కూడా. ఈపాటికి పాతబడే ఉంటుంది."