పేర్లు రాయించుకోని నోర్మా

నోర్మా టిండేల్ అంత్యక్రియల్లో ఫాదరు ఆమెను శాంతమూర్తి అన్నారు. పాపం, ఆయన మా ఊరికి వచ్చి రెండేళ్లే అయింది. నోర్మా రొట్టె మాడ్చినందుకు టోస్టరును తిట్టేది. తడి బూట్లతో లోపలికొచ్చినందుకు మమ్మల్ని తిట్టేది. జిల్లా కౌన్సిల్ నుంచి ఉత్తరం వస్తే కవరు చించకముందే తిట్టేది. ఆమెను ఎరిగినవాళ్లం బెంచీల మీద ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఆమె తండ్రి ఇంగ్లండులో మా డరమ్ జిల్లా బొగ్గు గనుల్లో పనిచేశాడు. ఆమె గని క్యాంటీన్లో ఇరవై ఏళ్లు వడ్డించింది. గని మూతపడ్డాక బడిలో పిల్లల భోజనాల దగ్గర కుదిరింది. యాభై ఆరేళ్ల వయసులో, పాత చిన్నపిల్లల బడి భవనంలో తల్లులకీ ఐదేళ్లలోపు పిల్లలకీ సర్కారు డబ్బుతో ఒక సెంటర్ తెరిస్తే, అక్కడ నేల తుడవడానికి చేరింది. ఆరు నెలలు తిరిగేసరికి మంగళవారాల్లో జరిగే తల్లీపిల్లల కూడిక మొత్తం ఆమె చేతికొచ్చింది. నర్సు పసివాళ్లను తూకం వేసేది. పెద్దపిల్లలు ఇసుకలో ఆడేవాళ్లు. పదిన్నరకు తల్లులకు టీ, పిల్లలకు వెన్న రాసిన టోస్టు. పిల్లలందరికీ ఆమె నోర్మా నానమ్మే.

గుమ్మం పక్కన బల్ల మీద ఒక రిజిస్టర్ ఉండాలని కౌన్సిల్ నియమం. తల్లి పేరు, బిడ్డ పేరు, చిరునామా, తేదీ అందులో రాయాలి. నోర్మా దాన్ని టీ కెటిల్ కింద పెట్టుకుంది. బల్ల కాలకుండా ఉండటానికి పనికొస్తోందని చెప్పేది. ఎవరైనా తమంతట తాము అడిగితే తీసి ఇచ్చేది. అడగనివాళ్లకు ఇచ్చేది ఒక కప్పు, ఒక గోళ్లరంగు సీసా. "అడుగున నీకు నచ్చిన గుర్తు పెట్టుకో" అనేది. గోడ నిండా కొక్కేలు, కొక్కేల నిండా కప్పులు. నాది ఆకుపచ్చ చుక్కలు రెండు.

నేను అంత తేలిగ్గా లోపలికి రాలేదు. అప్పటికి నా కూతురు బెథనీ పుట్టి ఆరు వారాలు. మూడు మంగళవారాలు వానలో సెంటర్ గోడ పక్కన నిలబడి, తిరిగి ఇంటికి పోయాను. నాలుగో వారం నోర్మా చెత్తబుట్టతో బయటికొచ్చింది.

"ఏం తల్లీ, గోడ పడిపోతుందని పట్టుకున్నావా?"

"లోపలికొస్తే పేరు రాయాలా?"

"టీలో చక్కెర ఎన్ని చెంచాలో చెప్పు. అది చాలు."

పేరంటే నాకెందుకంత భయమో చెప్పాలి. మా అక్క షెరిల్ ఒకసారి క్లినిక్‌లో నోరు జారి, "పిల్లలతో నా వల్ల కావట్లేదు" అంది. వాళ్లు రాసుకున్నారు. ఏడాది తిరక్కుండానే పిల్లల సంక్షేమం చూసే సోషల్ వాళ్లొచ్చి ఇద్దరు మగపిల్లల్నీ తీసుకుపోయారు. అందులో మా అక్క తప్పు లేదని నేననను. కానీ ఆ రోజు నుంచీ మా ఇంట్లో ఎవరూ ఏ కాగితం మీదా పేరు రాయలేదు. మా వీధిలో సగం ఇళ్లలో ఇలాంటి కథ ఒకటి ఉండేది.

ఇక నా సంగతి. బిడ్డను ఎత్తుకుని మేడ మీది కిటికీ దగ్గరికి వెళ్లాలంటే నాకు భయం. బిడ్డ పడిపోతుందని కాదు, నేనేం చేస్తానో అని. ఆ మాట నా మొగుడికి కూడా చెప్పలేదు. మూడో నెలలో, సింకు దగ్గర, నోర్మాకు చెప్పేశాను. ఆమె చేతులు తుడుచుకుని బెథనీని అందుకుంది. తిట్టలేదు, జాలి పడలేదు. మర్నాడు పొద్దున నాతో డాక్టరు దగ్గరికి నడిచొచ్చి, లోపల కూడా నా పక్కనే కూర్చుంది. నాకు మందులిచ్చారు. బిడ్డను ఎవరూ తీసుకుపోలేదు. అయినా నేను రిజిస్టర్ అడగలేదు. ఆమే ఒకసారి అడిగింది, ఎగతాళిగా.

"ఇప్పుడైనా రాస్తావా, మహారాణీ?"

"రాయకపోతే నీకు కోపమొస్తుందంటే రాస్తాను."

"వద్దులే." ఆమె కప్పులు కడుగుతూ, నా వైపు చూడకుండా చెప్పింది. "నాకప్పుడు పదిహేడేళ్లు. పెళ్లి కాలేదు. కడుపొచ్చిన ఆడపిల్లల్ని దాచే ఇంట్లో పెట్టారు. బిడ్డను వేరేవాళ్లకు ఇచ్చేస్తున్నట్టు ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. పెట్టాను. బాబుకప్పటికి పదకొండు రోజులు."

"తర్వాత చూశావా?"

"ఎక్కడని చూస్తాను? నేను పెట్టిన పేరు కూడా మార్చేసే ఉంటారు." ఆమె గుడ్డ పిండి కొక్కేనికి తగిలించింది. "ఆ టోస్టు మాడుతోంది, చూడు."

సెంటర్ తెరిచిన ఎనిమిదో ఏడు కౌన్సిల్‌కు డబ్బు తగ్గింది. జిల్లాలో సగం సెంటర్లు మూసేస్తారని, ఎక్కువమంది వచ్చేవి ఉంచుతారని ఉత్తరం వచ్చింది. మా సెంటర్‌కు వారానికి తొమ్మిది మంది వస్తున్నట్టు రిజిస్టర్ చెబుతోంది. మంగళవారం ఒక్కరోజే నోర్మా నలభై ఒక్క కప్పులు కడిగేది. ఆమె దయగా చేసిన పనే ఆ సెంటర్‌ను మూయించబోతోందని అప్పుడు తెలిసింది మాకు. తెలిశాక ఆమె రెండు వారాలు ఎవర్నీ తిట్టలేదు. అది చూసి మాకు భయమేసింది.

ఊరి హాల్లో మీటింగు పెట్టారు. మమ్మల్ని రమ్మని ఆమె అడగలేదు. అయినా నూరు మందికి పైగా వెళ్లాం. నోర్మా కప్పులన్నీ బట్టల బుట్టలో పెట్టుకుని తెచ్చి, కౌన్సిల్ ఆఫీసరు ముందు బల్ల మీద ఒక్కొక్కటే బోర్లించింది.

"ఇవిగో మేడమ్, మా మనుషులు. లెక్కపెట్టుకోండి."

ఆ ఆఫీసరు చెడ్డది కాదు. మాకోసం ఒక దారి వెతికింది కూడా. "కప్పుల్ని నేను రాసుకోలేనండీ. ఎప్పుడు వచ్చినవాళ్లయినా సరే, ఇవి ఎవరివో వాళ్లు లేచి పేరు చెప్పండి. ఇప్పుడే రాసుకుంటాను. గడువు ఇవాళ్టితో అయిపోతుంది" అంది.

ఏడుగురు లేచారు.

నా కప్పు ముందు వరసలోనే ఉంది. పక్కన కూర్చున్న బెథనీకి అప్పటికి ఏడేళ్లు. "అమ్మా, అది మనదే కదా! ఆకుపచ్చ చుక్కలు!" అంది. నేను దాని చెయ్యి గట్టిగా నొక్కి, "ఊరుకో" అన్నాను. ఆ మాట హాలంతా వినిపించింది. నోర్మాకూ వినిపించింది. ఆమె నా వైపు తిరగలేదు. నా కప్పు తీసి బుట్టలో అన్నిటికన్నా అడుగున పెట్టింది.

రెండు నెలలకు సెంటర్‌కు తాళం పడింది. ఇప్పుడక్కడ తివాచీలు అమ్ముతున్నారు.

ఆ ఎండాకాలం బస్టాపు దగ్గర నోర్మా కనిపించింది. తప్పుకుని పోబోయాను. కేకేసి ఆపింది. సంచిలోంచి పేపర్లో చుట్టిన కప్పు తీసి నా చేతిలో పెట్టింది. వారం నుంచి మోసుకు తిరుగుతోందట.

"నన్ను తిట్టు నోర్మా."

"నిన్నెందుకే? రాయించుకోనిది నేను కదా. మొదటి రోజే రాయించుకుని ఉంటే ఆ తలుపు ఇవాళ తెరిచుండేది." బస్సు కోసం రోడ్డు వైపు చూసింది. "రాయించుకునుంటే నువ్వు వచ్చేదానివా?"

"వచ్చేదాన్ని కాదు."

"మరింకేం" అంటూ బస్సెక్కింది. కానీ ఆమె ముఖంలో ఆ జవాబు చాలినట్టు నాకనిపించలేదు. తర్వాత ఎనిమిదేళ్లు ఎప్పుడు కలిసినా మేం వాతావరణం గురించే మాట్లాడుకున్నాం. ఆ మీటింగు మాట నేనెత్తలేదు. నాకు ధైర్యం చాలలేదు.

మొన్న నోర్మా అంత్యక్రియలకు చర్చి గుమ్మం దగ్గర బల్ల మీద పుస్తకం పెట్టారు. వచ్చినవాళ్లు పేరు రాసి లోపలికెళ్లాలి, మా ఊళ్లో ఎవరు పోయినా అంతే. నేను పెన్ను తీసుకున్నాను. మొత్తం రాశాను. కార్లీన్ రేన్. బిడ్డ పేరు బెథనీ. పద్నాలుగో నంబరు, పంప్ వీధి. ప్రతి మంగళవారం, మూడేళ్లు.

పదిహేనేళ్ల బెథనీ నా భుజం మీదుగా చదివింది. వెనకున్నామె అడిగింది. "చిరునామా కూడా రాయాలా?"

"రాద్దాం" అన్నాను.

ఆమె రాసింది. ఆమె వెనకామె రాసింది. కొందరు ఇద్దరు పిల్లల పేర్లు రాశారు, కొందరు నలుగురివి. వరస మెట్లు దిగి, గేటు దాటి, రోడ్డు మీదికి పోయింది. లోపల పాట మొదలుపెట్టలేక ఆగారు. పుస్తకం నిండిపోయి, అంత్యక్రియలు చూసుకునే ఆయన కారులోంచి ఇంకోటి తెచ్చాడు.

"అమ్మా, పేరొక్కటీ రాస్తే చాలు. ఆలస్యమైపోతోంది" అన్నాడాయన, మర్యాదగానే.

"ఎనిమిదేళ్లు ఆలస్యమైంది బాబూ" అన్నాను. "రాయనివ్వండి."