అవ్వ పాట లేని క్యాసెట్

తొంభైల మొదట్లో కామారెడ్డిలో నాకొక ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లిళ్లకు ఫొటోలతో పాటు వీడియో కూడా తీసేవాణ్ణి. నా దగ్గర పని నేర్చుకున్న ఒకతను ఎల్లారెడ్డిలో సొంత దుకాణం పెట్టుకున్నాడు. దుబాయిలో ఉన్న వాళ్లన్న అతనికి వైర్‌లెస్ మైకు పంపించాడు.

గుండీ అంత మైకును మాట్లాడే మనిషి బట్టలకు పెట్టాలి. దాని డబ్బా నడుముకు. ఇంకో డబ్బా కెమెరా మీద ఉంటుంది, దాని వైరును కెమెరాకు గుచ్చాలి. అంతే, ఎంత దూరంలో ఉన్నా మాట పక్కనే ఉన్నట్టు వినిపించేది. నా క్యాసెట్లలో బ్యాండు మోత, జనరేటర్ చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు.

మా గల్లీలోనే ఒకాయన, ఇద్దరు బిడ్డల నిఖాలు నాతో తీయించుకున్నాయన, మూడో బిడ్డ పెళ్లికి ఆ ఎల్లారెడ్డి అతన్ని పిలిచాడు.

"బురా మానకు, ఏమనుకోకు భాయ్. బిడ్డ ఒప్పుకుని కబూల్ అన్న మాట సాఫ్ వినవడాలె" అన్నాడు.

నవ్వి సరే అన్నాను. లోపల మండిపోయింది. నా చేతి కింద కెమెరా పట్టడం నేర్చినవాడు!

ఒకసారి ఎల్లారెడ్డి దగ్గర ఊళ్లో పెళ్లికి ఫొటోలు నాకు, వీడియో అతనికి వచ్చాయి. "చూడన్నా" అని సంబరంగా మైకు నా చేతిలో పెట్టాడు. "ఆటబొమ్మ లెక్కున్నది" అని తిరిగిచ్చేశాను.

పెళ్లికూతురికి తల్లి లేదు, అవ్వే పెంచింది. అప్పగింతల వేళ అవ్వ పాడబోతుంటే అతను మైకును ఆమె కొంగుకు పెట్టి, కెమెరా భుజానికెత్తుకున్నాడు. తొందరలో చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకోలేదు. కెమెరా మీది డబ్బాలో ఎర్ర లైటు వెలగడం లేదు. నాకది కనిపించింది. వైరు గుచ్చితే కెమెరాలోని సొంత మైకు ఆగిపోతుందని, డబ్బా స్విచ్ వేయకపోతే అసలు శబ్దమే ఎక్కదని నాకు తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాను. మళ్లీ మూసుకుని ఫొటో తీశాను.

అవ్వ చాలాసేపు పాడింది. వంటవాళ్లు కూడా వచ్చి నిలబడి విన్నారు.

నాలుగో రోజు అతను క్యాసెట్ పట్టుకుని నా దగ్గరకే వచ్చాడు. టీవీలో అవ్వ పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు.

"స్విచ్ మర్చిపోయిన అన్నా. ఏం జెయ్యాలె?"

"మళ్లీ పాడిద్దాం పా" అన్నాను.

ఇద్దరం వెళ్లాం. అవ్వ అరుగు మీద బీడీలు చుడుతోంది. మేం చెప్పింది విన్నా చేతులు ఆపలేదు.

"పిల్ల అత్తగారింటికి పాయె. ఇగ ఎవల జూసి పాడాలె బిడ్డా? నాకు పాటలు రావు. ఆ పొద్దు ఏడుపే గట్లొచ్చింది."

తిరుగు బస్సులో చెప్పేశాను.

"లైటు లేకుండె. నేను చూసిన."

అతను నా వైపు తిరిగాడు.

"చూసి చెప్పకపోతివా అన్నా? ఎందుకు?"

"మైకు నీకొచ్చిందని."

ఎల్లారెడ్డిలో దిగిపోయాడు. తర్వాత పెళ్లిళ్లలో ఎదురుపడితే నమస్తే పెట్టి పక్కకు జరిగేవాడు. నేను తప్పు ఒప్పుకున్నాను గదా, నా బుద్ధి మారి ఉంటుందనుకున్నాను. రెండేళ్లకు అతను కొత్త కెమెరా కొన్నాడని తెలిసిన పూట నాకు అన్నం సహించలేదు.