నాలుగో గదిలో ఆగిన గాలి

నేను ఆస్ట్రేలియాలో, టూవూంబా ఊరి శివార్లలో గంజాయి పండిస్తాను. ఈ మాట ఇంత సూటిగా రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ప్రభుత్వ లైసెన్సుతో, మందుల తయారీ కోసం నడిచే సాగు మాది. పొలం అంటూ ఏమీ ఉండదు. కిటికీలు లేని పెద్ద షెడ్డు, అందులో ఆరు గదులు, మట్టికి బదులు పోషకాలు కలిపిన నీళ్లలో వేళ్లు చాచుకుని నిలబడ్డ మొక్కలు. ఎండైనా గాలైనా మేము ఇస్తేనే. దీపావళి పార్టీల్లో అంకుల్స్, ఆంటీలు అడిగితే "ఫార్మాలో చేస్తున్న" అంటాను. వరంగల్‌లో ఉన్న అమ్మకు మాత్రం మందు మొక్కలని చెప్పాను. అది అబద్ధం కాదు.

వ్యవసాయంలో డిగ్రీ అక్కడ చేశాను, మాస్టర్స్ ఇక్కడి యూనివర్సిటీలో. ఏ లైటు మొక్కకు ఎంత ఎత్తున వేలాడాలి, ఏ ఫ్యాను ఎటు తిరగాలి అన్నది మొదటి రెండేళ్లూ నేనే తేమా వేడీ చూపే మీటరు పట్టుకుని గది గదికీ తిరిగి రాసిపెట్టాను. మా మేనేజరు అరవై దాటిన ఆస్ట్రేలియన్ ఆవిడ. ఏ సందేహం వచ్చినా ముందు నావైపు చూసేది. ఆ చూపుకు నేనెంత అలవాటు పడ్డానో కొత్తమ్మాయి వచ్చేదాకా నాకు తెలియలేదు.

ఆ అమ్మాయిది ఒంగోలు దగ్గర పల్లె. భర్త ఇక్కడి ఆసుపత్రిలో నర్సు. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్నది, చదివింది బీకాం. మొక్కల గురించి నీకేం తెలుసని ఇంటర్వ్యూలో అడిగితే, పొగాకు ఆరబెట్టే బ్యారన్‌లోనే పెరిగానని చెప్పిందట.

మొదటిరోజు నేనే గదులన్నీ తిప్పి చూపించాను. ఒకచోట ఉన్నట్టుండి ఆగి, మొక్కల మధ్యలోకి చెయ్యి పెట్టింది.

"అక్కా, ఇక్కడ గాలి ఆడట్లా."

"పైన ఫ్యాన్ ఉన్నది గదా. రీడింగ్ గూడ మంచిగనే వస్తున్నది," అన్నాను.

"పైన ఆడతా ఉందక్కా. కింద ఆకు కదల్లా. బ్యారన్‌లో ఇట్టా ఉంటే మా నాయన ఊరుకునేవాడు కాదు. ఆకంతా బూజు పట్టిద్ది."

ఆమె మాట తప్పని చూపిద్దామనే మీటరు తెచ్చి కొమ్మల నడుమ పెట్టాను. పైనకంటే అక్కడ తేమ బాగా ఎక్కువగా ఉంది. ఇన్నాళ్లూ నేను మొక్కల తలల మీదే కొలుస్తూ వచ్చాను. మా వెనకే వచ్చి నిలబడ్డ మేనేజరు ఇది చూసింది. ఈ అమ్మాయికి విద్య చేతుల్లోనే ఉందే అని ఇంగ్లీషులో అని, ఆమె భుజం తట్టింది. నా భుజం ఎప్పుడూ తట్టలేదు.

నెల తిరక్కముందే రెండో గదిలో ఆకుల అంచులు పైకి ముడుచుకున్నాయి. నేను ఎరువు లెక్క చూస్తున్నాను. ఆమె వచ్చి లైటు కింద, మొక్క తల దగ్గర అరచెయ్యి బోర్లించి కాసేపు ఉంచింది.

"నా చెయ్యే చురుక్కుమంటంటే ఆకెట్టా తట్టుకుంటదక్కా?"

లైట్లు జానెడు పైకి లాగాం. తర్వాత వచ్చిన ఆకులు చక్కగా విచ్చుకున్నాయి. అప్పటినుంచి మేనేజరు తన టీ కప్పు పట్టుకుని నా టేబుల్ దాటి ఆమె దగ్గరికి వెళ్లేది.

ఇంట్లో మా ఆయనతో అన్నాను: "ఆ పిల్లకు మీటర్ల ఒక్క నంబర్ చదవరాదు. అంతా లక్కే."

"లక్ అయితే నీకెందుకు అంత మంట?" అన్నాడాయన.

నేను ఆమె తప్పుల కోసం వెతకడం మొదలుపెట్టాను. రిజిస్టరులో ఆమె రాతను చదివేదాన్ని, స్పెల్లింగులు పట్టుకునేదాన్ని. ఆమె నవ్వు కూడా నాకు పెద్దగా వినిపించేది. అంతలో నాలుగో గది ఆమెకు అప్పగించారు. అది పూత గది, అన్నిటికంటే సున్నితమైంది. అంతకుముందు దాకా నాది.

సోమవారం కూడా సెలవు కలిసొచ్చిన లాంగ్ వీకెండ్ ముందు శుక్రవారం. కూతురి స్కూల్లో ఏదో ప్రోగ్రాం ఉందని ఆమె రెండింటికే వెళ్లిపోయింది. నాలుగింటికి నేను ఆ గది ముందు నుంచి వెళ్తూ తలుపుకున్న అద్దంలోంచి లోపలికి చూశాను. వెనక మూలనున్న ఫ్యాను మెడ ఇరుక్కుపోయి, గోడకేసి తిరిగి ఉంది. దాని ముందు రెండు వరుసల మొక్కలు ఒత్తుగా పూసి, ఒక్క ఆకైనా కదలకుండా నిలబడ్డాయి. లోపలికెళ్లి దాన్ని ఇటు తిప్పడానికి అర నిమిషం చాలు. తలుపు పిడి మీద చెయ్యి వేశాను కూడా.

విద్య చేతుల్లోనే ఉంది కదా, ఆ చేతులతోనే కనిపెట్టనీ అనుకున్నాను. పిడి వదిలేసి కారెక్కాను.

శనివారం రెండుసార్లు ఫోన్ తీశాను, రెండుసార్లూ పక్కన పెట్టాను. సెలవు రోజుల్లో వచ్చేవాళ్లు నీళ్లు, అలారాలు చూసి వెళ్తారని నాకు తెలుసు. ఆ మూల దాకా ఎవరూ వెళ్లరని కూడా తెలుసు.

మంగళవారం పొద్దున వెళ్లేసరికి ఆమె ఆ మూల మోకాళ్ల మీద కూర్చుని ఉంది. పువ్వులు విప్పి చూస్తే లోపల బూడిద రంగు బూజు. రెండు వరుసలూ తీసేయాల్సి వచ్చింది. మా పనిలో మొక్క చచ్చినా ఊరికే పారేయడానికి లేదు. ఒక్కొక్కటీ తూచి, రాసి, సాక్షుల ముందు నాశనం చేయాలి. ఆమె కోస్తుంటే నేను సంచి పట్టుకున్నాను.

"పాప ప్రోగ్రాం అని తొందరగా పోయా అక్కా. పోయేముందు ఒక్కసారి వెనక్కి వచ్చి చూసుకోవాల్సింది," అంది. మాస్కు పైన ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. "నువ్వయితే కనిపెట్టేదానివి."

ఆ రోజంతా ఆ మాట నన్ను నిలవనీయలేదు. సాయంత్రం కార్ల దగ్గర ఆమెను ఆపాను.

"శుక్రవారం నేను చూసిన. ఫ్యాన్ గోడదిక్కు తిరిగి ఉన్నది. చూసి పోయిన."

"మర్చిపోయావా అక్కా?"

"లేదు. కావాల్ననే చెప్పలే."

"ఎందుకు?"

"నిన్ను చూస్తే నాకు కుళ్లు."

కోప్పడుతుందనుకున్నాను, కోప్పడినా బాగుండేది.

"నేనయితే చెప్పేదాన్ని," అని కారెక్కి వెళ్లిపోయింది.

మర్నాడు మేనేజరు గదికి వెళ్లి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆవిడ కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టింది. పొరపాటు చేశానంటే నీ వెనక నిలబడేదాన్ని, ఇది పొరపాటు కాదు అంది. వార్నింగ్ లెటర్ ఇచ్చారు. లైట్లు, ఫ్యాన్ల పని నా చేతిలోంచి తీసేసి, నీళ్ల గొట్టాలు కడిగే పనిలో వేశారు.

దానికంటే ఎక్కువ బాధపెట్టింది వేరే ఉంది. ఆమె నాతో తెలుగు మానేసింది. "మార్నింగ్" అనేది. "కెన్ యూ పాస్ ద సిజర్స్, ప్లీజ్?" అనేది. ఎంతో మర్యాదగా, ఏ జిల్లా యాసా లేకుండా. షెడ్డు మొత్తంలో నన్ను అక్కా అని పిలిచేది ఆమె ఒక్కతే. ఇప్పుడు ఆ పిలుపు లేదు.

చలికాలం గడిచాక ఒకరోజు ఆమె మీటరు పట్టుకుని, నేను గొట్టాలు కడిగే చోటికి వచ్చింది. దీన్ని ఎలా చదవాలో చూపిస్తావా అని ఇంగ్లీషులోనే అడిగింది. చేతులు తుడుచుకుని చూపించాను. మూడు రోజులు పట్టింది. నాలుగో రోజుకు నాకంటే వేగంగా చదువుతోంది. నాకు మళ్లీ ఆ పాత మంట రేగింది. ఈసారి దాన్ని గుర్తుపట్టాను గనక నోరు మూసుకుని నా పనికి వెళ్లాను.

మొన్నామధ్య కొత్తవాళ్లు ఇద్దరు చేరారు. వాళ్లకు నేర్పే పని ఆమెకిచ్చారు. గాలి సంగతి తనే చెప్పి, మీటరు దగ్గరికొచ్చేసరికి నావైపు చెయ్యి చూపించింది. "ఆమెను అడగండి. తను తప్పు చేసినా తనే చెప్పేస్తుంది," అంది ఇంగ్లీషులో.

అది పొగడ్తో, దెప్పిపొడుపో నాకు తేలలేదు. నేనే ఆమె స్థానంలో ఉంటే, నాకు అలా చేసిన మనిషి దగ్గరికి ఎవరినీ పంపేదాన్ని కాదు. ఆ తేడాకు కూడా నాకు అసూయే కలిగింది. కొత్తవాళ్లు ఎదురుచూస్తున్నారు. మీటరు ఆన్ చేసి వాళ్ల చేతికిచ్చాను.