చేతుల మీద కూర్చోమన్న మేడమ్

మా గైడ్ మేడమ్ పోయారని కాలేజీ గ్రూపులో మెసేజ్ వచ్చినప్పుడు నేను ఆవిడ మీదే విసుక్కుంటున్నాను. ఫైనల్ రివ్యూ దగ్గర పడింది, థీసిస్ కోసం నేను చేసిన లైటు డబ్బా టేబుల్ మీద విప్పి ఉంది, ఆవిడేమో ఫోన్ ఎత్తడం లేదు. మెసేజ్ చదివి కూడా మళ్ళీ ఆవిడకే ఫోన్ చేశాను. గుండెపోటట. రిసాలి కాలనీలో వాళ్ళింట్లో, పొద్దున్నే టీ పెడుతూ పడిపోయారట. అప్పటి నుంచి నాకు ఒక చోట కుదురుగా కూర్చోబుద్ధి కావడం లేదు. ఇది రాస్తూ కూడా లేచి తిరుగుతున్నాను.

నేను చదివే ఇంటరాక్షన్ డిజైన్ అంటే మా అమ్మకి ఇప్పటికీ కంప్యూటర్ కోర్సే. మనిషి ఒక వస్తువును వాడేటప్పుడు ఎక్కడ తడబడతాడో చూసి ఆ వస్తువును సరిచేసే చదువు అని చెబితే, దానికి పీజీ ఎందుకే అంటుంది. పీజీ చివరి ఏడాదంతా థీసిస్సే. మిగతా గైడ్లు రిపోర్టు ఎంత లావుందో, స్క్రీన్లు ఎంత అందంగా ఉన్నాయో చూసేవారు. మా మేడమ్‌కి అవేవీ పట్టవు. ఆవిడ లెక్క ఒకటే: నువ్వు చేసినదాన్ని పరాయివాళ్ళ ఇంట్లో పెట్టాలి. వాళ్ళు వాడుతుంటే నోరెత్తకుండా చూడాలి. చూసినంతసేపూ అరచేతులు రెండూ కింద పెట్టుకుని వాటి మీద కూర్చోవాలి.

నాకు ఆ పాఠం, హిందీ మాట్లాడే మా స్టీల్ ప్లాంటు ఊళ్ళో, పవర్ హౌస్ బస్‌స్టాప్ బెంచీ మీద అయింది. బస్సుల వేళలు చూపించే స్క్రీన్ ఒకటి ఫోన్‌లో చేసి, కూరల బుట్టతో కూర్చున్న ఒకావిడ చేతికిచ్చాను. ఆవిడ నొక్కాల్సిన చోట తప్ప అన్నిచోట్లా నొక్కుతోంది. నా వేలు దానంతటదే ముందుకెళ్ళింది. మేడమ్ నా మణికట్టు పట్టేసుకున్నారు.

"ఆ ఫోన్‌తో పాటు నీ చెయ్యి కూడా అమ్ముతావా ఏటమ్మా? చుప్‌గా కూర్చో."

అరచేతుల మీద కూర్చుని చూడండి తెలుస్తుంది, ఎంత హింసో.

ఆవిడకి నిలకడ ఉండేది కాదు. రివ్యూ అంతా భుజానికి సంచీ తగిలించుకునే చేసేవారు. టీ నడుస్తూనే తాగేవారు. సాయంత్రమయ్యేసరికి, "ఇంటికి పోవాల్రా, తలుపు దగ్గరికి ఎవరేనా వస్తారు" అంటూ స్కూటీ తాళం వెతుక్కునేవారు. మాలో ఎవరినీ ఇంటికి రానిచ్చేవారు కాదు. వెనకాల మేం ఆవిడ గొంతుతో ఆ మాటే అనుకుని నవ్వుకునేవాళ్ళం. గైడ్‌ని మెప్పించాలని ఏదైనా చేస్తే మాత్రం వెంటనే పసిగట్టేవారు. "నాకు నచ్చేలా చేస్తే నా ఒక్కదానికే పనికొస్తాది. నేనేమో కొనను."

నా థీసిస్ వయసుతో వినికిడి తగ్గినవాళ్ళ కోసం. బయట గుమ్మం దగ్గర బటన్ నొక్కితే లోపల డబ్బా మీద లైటు వెలుగుతుంది. సెక్టర్ 2లో చాలా ఇళ్ళు తిరిగి, అడిగి, చేశాను. ఫైనల్‌కి ముందు రివ్యూలో మేడమ్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"బాగుంది. ఇది రాకముందు ఆ ఇళ్ళల్లో ఎవరొచ్చారో ఎవరు చెప్పీవోరు?"

"ఎవరూ చెప్పరు మేడమ్. ఇసీ లియే తో, అందుకేగా ఈ డబ్బా."

"ఎవరో ఒకరు చెప్తారమ్మా. ఆ మనిషిని అడిగేవా? వెళ్ళి అడిగి రా."

ఆవిడ నాతో అన్న చివరి మాట అదే. ఆ రాత్రి కోపంతో అన్నం తినలేదు.

సమాధి కార్యక్రమం రోజున మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళాను. చర్చివాళ్ళు పాట పాడుతున్నారు. మేడమ్ భర్త, ప్లాంటులో చేసి రిటైరైనాయన, పాట అయిపోయిన సంగతి తెలియక ఇంకా పెదాలు కదుపుతున్నారు. ఆయనకి దాదాపు ఏమీ వినపడదని నాకప్పుడు తెలిసింది. ఏడాదంతా నా డబ్బా చేతిలో పట్టుకుని ప్రశ్నలు అడిగిన మనిషి, తన ఇంటి సంగతి ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పి ఉంటే నేను ఆవిడ కోసమే చేసేదాన్నని ఆవిడకి తెలుసు.

కొత్త గైడ్ సర్ మంచివారే. "అంతా బాగుంది, సోమవారం సబ్మిట్ చేసెయ్" అన్నారు. అవతల ఉద్యోగం ఇస్తామన్నవాళ్ళు మార్కుల కాగితం కోసం తొందరపెడుతున్నారు. నేను డబ్బా సంచీలో పెట్టుకుని రిసాలి ఆటో ఎక్కాను.

అంకుల్, అదే మేడమ్ భర్త, డబ్బాని టీవీ పక్కన పెట్టించారు. బటన్ గుమ్మం బయట బిగించి, నేను ప్లాస్టిక్ వైరు కుర్చీలో, అరచేతుల మీద కూర్చున్నాను. కాసేపటికి లైటు వెలిగింది. ఆయన చూశారు. కానీ లేవలేదు. తల ఎడమ భుజం మీదుగా వంటింటి వైపు తిప్పి ఆగారు. లైటు వెలుగుతూనే ఉంది. తలుపు అటు కాదు అంకుల్ అని అరవాలనిపించింది. తర్వాత ఆయనే లేచి వెళ్ళి, పక్కింటివాళ్ళు ఇచ్చిన క్యారియర్ పట్టుకొచ్చారు.

"పని చేస్తందమ్మా. పాసైపోతావు" అన్నారు గట్టిగా. క్యారియర్ బల్ల మీద పెట్టి, "ఎవరొచ్చారో తెలీలేదు గానీ. ఆవిడైతే వెనకాల నుంచొచ్చి భుజం తట్టేది. ఒకసారి తడితే పాలబ్బాయి. రెండుసార్లు తడితే మనవోళ్ళు. నొక్కి పట్టుకుందంటే పడని చుట్టం, మొహం సరిగ్గా పెట్టుకోమని" అని నవ్వారు.

మేడమ్ అడిగి రమ్మన్న మనిషి, ఈ ఇంట్లో మేడమేనని అప్పుడు అర్థమైంది. నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు నేను ఎవరిని అడగాలి?

డబ్బా ఇంకా పూర్తి కాలేదు, సోమవారం ఇవ్వలేనని సర్‌కి అక్కడి నుంచే ఫోన్‌లో చెప్పేశాను. ఉద్యోగం ఆగుతుందో ఆగదో తెలియదు. పోతుందేమోనని భయంగానే ఉంది.

మళ్ళీ లైటు వెలిగింది. అంకుల్ మళ్ళీ భుజం వైపే తిరిగారు. తట్టే చెయ్యి రావడానికి పట్టేంతసేపు అలాగే ఆగారు. నా అరచేతుల్లోకి వైర్లు దిగి మండుతున్నాయి. నేను చేతులు తియ్యలేదు.