ఉస్తా తుర్గున్ తెరవని మూత

తాష్కెంటు ఆదివారపు సంతలో పాత వాచీని చూసి, వాచీలు బాగుచేసే మేస్త్రీ ఉస్తా తుర్గున్ అసలంటే అసలు, నకిలీ అంటే నకిలీ. మాస్కో నుంచి వచ్చే వాచీల పిచ్చోళ్లు కూడా ఆయన నోటికేసి చూస్తూ నిలబడేవారు. అంత గౌరవం దొరికితే ఎవడికి నెత్తికెక్కదు? తుర్గున్‌కీ ఎక్కింది.

ఒక ఆదివారం, సంత గుమ్మంలో పొద్దుతిరుగుడు గింజలమ్ముతూ అందరిచేతా ఖాలా, అంటే పిన్నీ, అనిపించుకునే ముసలి ఖోసియత్ రుమాల్లో మూటగట్టిన వాచీ తెచ్చింది.

"మనవడి పెళ్లికి ఇద్దామని నాయనా. మా ఆయన పత్తి మిషను నడిపినందుకు సర్కారు ఇచ్చింది. కాస్త నడిచేట్టు చెయ్యి."

వెనక మూత మీద ఆయన పేరు, 1974 అని చెక్కి ఉన్నాయి. పాత వాచీల వ్యాపారి శవ్కత్ పక్కనే ఉన్నాడు. "అసలుదేనా ఉస్తా?" అని ఎగదోశాడు. నలుగురూ మూగారు.

తుర్గున్ భూతద్దం పెట్టుకుని అర నిమిషం చూశాడు. "సర్కారు వాచీల మీద మిషను అక్షరాలుంటాయి ఖాలా. ఇవి చేత్తో గీసినవి. బజార్లో కొని పేరు చెక్కించుకున్నాడు మీ ఆయన."

జనం నవ్వారు.

"అయితే ఆ ఆర్నెల్లూ ఎక్కడున్నాడు?" అంది ఖాలా.

ఆ ఏడాది ఆర్నెల్లపాటు మొగుడు ఇంటికి రాలేదు. సమర్‌ఖందులో ఇంకోదాన్ని పెట్టుకున్నాడని వాడంతా కోడై కూసింది. పత్తి పొలాల్లో ఉన్నానంటూ అతను ఈ వాచీ తెచ్చి చేతిలో పెట్టాకే ఆమె తలెత్తుకు తిరిగింది. ఇప్పుడు దాన్ని బల్లమీదే వదిలేసి వెళ్లిపోయింది. శవ్కత్ జేబులో వేసుకున్నాడు.

మరుసటి ఆదివారం వాడే దాన్ని శుభ్రం చేయమని తెచ్చాడు. తుర్గున్ మూత తీశాడు. వాచీ బాగుచేసినవాళ్లు మూత లోపల గుర్తు గీసి పెట్టడం ఆ పనివాళ్ల అలవాటు. లోపల ఉన్నది చచ్చిపోయిన తన గురువు చేతిరాత: "ప్రభుత్వ పత్తి పొలం బహుమానాలు. నలభైలో పదిహేడు." ఆ ఏడాది సర్కారు వాచీల మీద చేత్తో పేర్లు చెక్కింది గురువే! అర నిమిషం చూసిన పెద్దమనిషికి మూత తీయడానికి ఇంకో నిమిషం లేకపోయింది. ఛీ!

శవ్కత్ అరుస్తున్నా వినకుండా తుర్గున్ వాచీ పట్టుకుని గుమ్మం దగ్గరికి పరిగెత్తాడు.

"ఖాలా, తప్పు నాది! ఇది అసలుదే. ఇదిగో, మా గురువు రాత. మీ ఆయన నిజమే చెప్పాడు!"

ఆమె మూత వైపు చూడనైనా లేదు.

"ఆయన ఫొటో పొయ్యిలో పెట్టాను. సమాధికి పోవడం మానేశాను. యాభై ఏళ్లు పిచ్చిదాన్ని చేశాడు."

"లేదు ఖాలా! అల్లా సాక్షి!"

"గీతలు నువ్వు మాత్రం గీయలేవా?" ఖాలా అతని చెయ్యి నిమిరింది. "మంచోడివి నాయనా. ముసల్దాన్ని ఏడిపించానే అని అబద్ధమాడుతున్నావు. పోయిన ఆదివారం నిజం చెప్పావు. దాన్నిప్పుడు కప్పిపుచ్చకు."